నారుకు ప్లాస్టిక్ గంప: పెరట్లో మనమే కట్టుకునే హరితగృహం



మన హాస్టలు వెనక చేతిపంపు దాటేక వంగినట్టు ప్లాస్టిక్ కప్పు ఒకటి ఉంది కదా. దాన్ని చూసి కొందరు "పాముకి ఇల్లు కట్టేరా?" అని నవ్వుతున్నారు. 5వ తరగతి చెల్లి ఒకామె అది స్నానాల గది అనుకుంది. అది హరితగృహం. ఇంగ్లీషులో గ్రీన్‌హౌస్ అంటారు. అది ఎందుకు కట్టేమో, ఎలా కట్టేమో, ఎలా పని చేస్తుందో, నేను చేసిన పెద్ద తప్పు ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. చివర్లో మేడంగారికి ఒక మనవి కూడా ఉంది. దయచేసి చివరిదాకా చదవండి.

ఎందుకు కట్టేం?

మనది కొండ మీద ఊరు. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ, చింతపల్లిలో, పాడేరు వైపు డిసెంబరు, జనవరి నెలల్లో ఎంత చలి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న బకెట్లో చెయ్యి పెట్టలేం. చూడ్డానికి వచ్చినవాళ్ళు మంచుని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. కానీ అదే మంచు నారుమడి మీద పడితే మనకి నష్టం.

టమాటా విత్తనం బాగా మొలవాలంటే 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. 10 డిగ్రీల కన్నా తగ్గితే దాదాపు మొలవదు. మా అమ్మ పోయిన ఏడాది చలికాలంలో రెండుసార్లు టమాటా నారు పోసింది. మొదటిసారి సగం మొలవలేదు. రెండోసారి మొలిచినవి మంచుకి నల్లబడిపోయేయి. ఇంక టమాటా మన వల్ల కాదని వదిలేసి, సంతలో కొనుక్కుని తిన్నాం. సొంత భూమి ఉండి కూడా టమాటా కొనుక్కోవడం మా అమ్మకి చాలా బాధ.

వానాకాలంలో ఇంకో కష్టం. జూలై, ఆగస్టు వానలకి లేత నారు మట్టిలో అణిగిపోతుంది. అంటే మన నారుకి చలికాలంలో దుప్పటి కావాలి, వానాకాలంలో గొడుగు కావాలి. ఈ రెండూ ఒక్కటే అయితే అదే హరితగృహం.

మా అయ్య చెప్పిన మాట

మా సైన్సు పుస్తకంలో హరితగృహం బొమ్మ ఉంది. అద్దాల ఇల్లు, ఇనుప కమ్ములు. అది చూసి ఇది డబ్బున్నవాళ్ళదిలే అనుకున్నాను. దసరా సెలవులకి వెళ్ళినప్పుడు మా అయ్యకి ఆ బొమ్మ చూపించేను. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. అయ్యకి చదువు రాదు. బొమ్మ కేసి కాసేపు చూసి, "ఇది కోళ్ళ గంపే గదా, కనిపించేలాగ చేసేరు" అన్నాడు.

నిజమే! రాత్రి కోడిపిల్లల మీద గంప ఎందుకు మూస్తాం? చలి గాలి తగలకుండా, పిల్లి పట్టుకోకుండా. కానీ మొక్కకి ఎండ కూడా కావాలి. వెదురు గంప మూస్తే ఎండ రాదు. అందుకని ఎండ దూరే గంప కావాలి. అంతే తేడా. వెదురు బద్దలు చీల్చి వంచడం అయ్యకి వచ్చు. లెక్క నాకు వచ్చు. ఇద్దరం కలిపి ఆలోచించేం.

ఇది ఎలా పని చేస్తుంది?

ఎండ ప్లాస్టిక్ గుండా లోపలికి వస్తుంది. మట్టికి తగిలి మట్టి వేడెక్కుతుంది. మట్టి తనకి ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. బయట అయితే వేడి గాలి తేలికై పైకి పోతుంది, ఆ చోటుకి చల్ల గాలి వస్తుంది. దీన్నే సంవహనం అని చదివేం. లోపల మాత్రం వేడి గాలి పైకి పోవడానికి దారి లేదు. అందుకే వేడి నిలబడుతుంది.

గాజు వేడి కిరణాలను బయటికి పోనివ్వదు కాబట్టే లోపల వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకునేవారు. 1909లో అమెరికాలో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేసేరు. ఒకదానికి గాజు మూత పెట్టేరు. రెండోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టేరు. ఉప్పు పలక వేడి కిరణాలను పోనిస్తుంది. అయినా రెండు పెట్టెలూ దాదాపు ఒకే వేడికి వచ్చేయి. అంటే ముఖ్యమైన పని గాలిని ఆపడమే. భూమి వేడెక్కడాన్ని కూడా హరితగృహ ప్రభావం అంటారు గానీ, అక్కడ కార్బన్ డై ఆక్సైడ్ వంటి వాయువులు వేడి కిరణాలను పట్టి ఉంచుతాయి. పేరు ఒకటే, పని చేసే తీరు వేరు. పరీక్షలో ఇది గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. హరితగృహం అంటే పచ్చ రంగు ఇల్లు కాదు. నర్సరీల మీద పచ్చ వల కడతారు కదా, దాన్ని షేడ్ నెట్ అంటారు. అది ఎండ తగ్గించడానికి. మనకి చలికాలంలో ఎండ కావాలి. కాబట్టి తెల్లగా, అవతల మనిషి కనిపించే ప్లాస్టిక్కే కొనవలెను. పచ్చ వల కొంటే డబ్బు దండగ.

మీకు తెలుసా?
రోమ్ చక్రవర్తి టైబీరియస్‌కి దోసజాతి కాయలంటే చాలా ఇష్టం. చక్రాలున్న మడుల్లో వాటిని పెంచి, చలికాలంలో వెలుతురు దూరే పలుచని రాతి పలకల కింద ఉంచేవారట. ఈ సంగతి 1వ శతాబ్దంలో ప్లినీ అనే రచయిత రాసేడు. అంటే ఈ ఆలోచన ప్లాస్టిక్ కన్నా ఎంతో పాతది.

కావలసిన వస్తువులు

1. వెదురు బద్దలు: 2 మీటర్ల 40 సెంటీమీటర్లవి 5. నిలువు బద్దలు 3 మీటర్లవి 4.
2. తెల్ల ప్లాస్టిక్ షీటు: రెండున్నర మీటర్ల పన్నా, 5 మీటర్ల పొడవు.
3. కట్టడానికి అడ్డతీగ నార.
4. చిరిగిన గుడ్డ ముక్కలు.
5. పారేసిన లీటరు నీళ్ళ సీసాలు 20.
6. పాత గోనె సంచులు.
7. గెత్తం, ఇసుక, ఎర్రమట్టి.

ఖర్చు: షీటు 100 మైక్రాన్లది కొన్నాం. మొత్తం పన్నెండున్నర చదరపు మీటర్లు. కిలో 150 గ్రాములు తూగింది. సంత దగ్గర కొట్లో కిలో 200 చొప్పున 230 రూపాయలైంది. విత్తనాలు 60 రూపాయలు. నా తప్పు వల్ల ఇంకో 60. మొత్తం 350 రూపాయలు. వెదురు, నార అయ్య ఇంటి నుంచి మోసుకొచ్చేడు. సీసాలు మనం ఏరినవే.

పెద్ద రైతులు కట్టే పాలీహౌసులకి 200 మైక్రాన్ల షీటు వాడతారు. ఎండకి పాడవకుండా అందులో మందు కలుపుతారు. అది కొన్నేళ్ళు వస్తుంది. మన మామూలు షీటు ఎండలోనే వదిలేస్తే ఏడాదిలో పెళుసెక్కి చిరుగుతుంది. అందుకే ఎండాకాలం రాగానే తీసి, కడిగి, మడిచి, నీడలో దాచవలెను.

తయారు చేయు విధానము

ముందు చోటు చూడాలి. రాత్రి చల్ల గాలి బరువై నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. అందుకే గెడ్డ ఒడ్డున మంచు ఎక్కువ. ఇది నేను పుస్తకంలో చదవకముందే మా అయ్యకి తెలుసు. కాబట్టి మరీ పల్లం వద్దు. చెట్టు నీడ వద్దు. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే చలికాలం సూర్యుడు దక్షిణం వైపు నుంచి బాగా తగులుతాడు.

తరువాత మడి. ఒక మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, జానెడు కన్నా కొంచెం తక్కువ ఎత్తు, అంటే 15 సెంటీమీటర్లు. ఎర్రమట్టి, గెత్తం, ఇసుక సమానంగా కలపాలి. గెత్తం బాగా చివికినదే వెయ్యాలి. పచ్చి పేడ వద్దు. మడి ఎత్తుగా ఉంటేనే నీళ్ళు నిలవవు.

ఇప్పుడు బద్దలు. ఇక్కడే మన లెక్కల మాస్టారు చెప్పిన వృత్తం పనికొచ్చింది. గూడు వెడల్పు 120 సెంటీమీటర్లు కావాలి. అంటే వ్యాసార్థం 60. అర్ధవృత్తం పొడవు 3.14 × 60 = 188 సెంటీమీటర్లు. రెండు పక్కలా భూమిలోకి 25 చొప్పున దిగాలి. 188 + 50 = 238. కాబట్టి 240 కోసేం. సరిగ్గా సరిపోయింది! అయ్య నా కేసి చూసి ఏమీ అన్లేదు గానీ, రెండో బద్దకి కొలత నన్నే అడిగేడు.

బద్దల్ని ఒక రాత్రి నీళ్ళలో నానబెడితే విరక్కుండా వంగుతాయి. 75 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున 5 బద్దలు పాతాలి. నడినెత్తిన ఒక నిలువు బద్ద, పక్కల చెరొకటి పెట్టి నారతో కట్టాలి. వెదురు కణుపులు, చీల్చిన అంచులు ప్లాస్టిక్‌ని కోసేస్తాయి. అందుకే వాటి మీద గుడ్డ ముక్కలు చుట్టాలి.

షీటు కప్పడం సులువే. ఉత్తరం వైపు అంచుని కాలువ తీసి మట్టిలో పూడ్చేయాలి. దక్షిణం వైపు అంచుని నాలుగో బద్దకి చుట్టాలి. చాపలాగ ఆ బద్దని పైకి చుడితే తలుపు తెరిచినట్టు, కిందికి దించితే మూసినట్టు. రెండు చివర్లూ బస్తా మూతి కట్టినట్టు కుచ్చు పెట్టి మేకుకి కట్టాలి.

చివరగా సీసాలు. వాటికి బయట కుండ మసి రాసి, నీళ్ళు నింపి, లోపల ఉత్తరం వైపు వరసగా నిలబెట్టాలి. నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. పగలు తాగిన వేడిని రాత్రి నారుకి ఇస్తుంది.

నేను చేసిన తప్పు

నవంబరు 5న విత్తనాలు వేసేం. 9వ రోజుకి మొలిచేయి. ఎంత సంతోషమో చెప్పలేను. రోజూ పొద్దున్న వెళ్ళి చూసేదాన్ని. చలి తగులుతుందని గట్టిగా మూసి ఉంచేదాన్ని, మధ్యాహ్నం అన్నం బెల్లుకి వెళ్ళి తీసేదాన్ని. 22వ తారీకున యూనిట్ టెస్టు. చదువుకుంటూ ఉండిపోయేను, తియ్యలేదు. ఆ రోజు మబ్బు కూడా లేదు. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి షీటు ఎత్తేను. మొహం మీదికి ఆవిరి కొట్టింది. నారంతా ఉడికిన ఆకుకూరలాగ మట్టికి అంటుకుపోయింది. ఒక్కటి బతకలేదు.

ఆ విత్తనాల డబ్బు మా అమ్మ అడ్డాకులు కుట్టి అమ్మినది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆదివారం ఫోనులో చెప్పేను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చలికే చస్తుందనుకున్నాం, వేడికి కూడా చస్తుందన్నమాట. మళ్ళీ వెయ్యి" అంది. ఇంకో 60 రూపాయలు పంపింది.

మన సైన్సు టీచరుగారు తిట్టలేదు. లాబ్ థర్మామీటరు ఇచ్చి, "కొలిచి రాయి" అన్నారు. పక్కనే చిన్న మడి ఒకటి కప్పు లేకుండా వెయ్యమన్నారు. రెండూ పోల్చాలి గదా. నవంబరు 26న రెండు మడుల్లోనూ లెక్కపెట్టి 50 చొప్పున టమాటా విత్తనాలు వేసేం. కప్పు కింద మిగతా చోట ఇంకొన్ని వేసేం. నేను రాసుకున్నవి ఇవి:

కప్పు కింద 8వ రోజుకి 41 మొలిచేయి. బయట 16వ రోజుకి 12 మొలిచేయి.
డిసెంబరులో ఒక పొద్దున్న 6 గంటలకు: బయట 8 డిగ్రీలు, లోపల 11.
అదే రోజు మధ్యాహ్నం 12 గంటలకు: బయట 24, మూసి ఉన్న లోపల 43. పక్క తెరిచిన పావుగంటకి 29.

చూసేరా? రాత్రి మనకి మిగిలేది 3 డిగ్రీలే. పగలు మూసి ఉంచితే పెరిగేది 19 డిగ్రీలు. మంచు కన్నా మన మరుపే ఎక్కువ ప్రమాదం. "నారు పోసినవాడు నీరు పోయడా" అని పెద్దలంటారు. ప్లాస్టిక్ కప్పినవాళ్ళు నీరు పోస్తే చాలదు, తలుపు కూడా తియ్యాలి.

రోజూ చెయ్యవలసిన పనులు

పొద్దున్న ఎండ తగలగానే గోనెలు తీసెయ్యాలి. 9 గంటలకి బడికి వెళ్ళేముందు దక్షిణం పక్క జానెడు ఎత్తాలి. మధ్యాహ్నం పూర్తిగా ఎత్తాలి. సాయంత్రం 4 గంటలకి, ఎండ ఉండగానే దించాలి. చీకటి పడ్డాక దించితే దాచుకోడానికి వేడి ఉండదు. రాత్రి షీటు మీద గోనెలు కప్పాలి. పలుచని ప్లాస్టిక్ గుండా వేడి కిరణాలు చాలా వరకు బయటికి పోతాయి. చుక్కలు బాగా కనిపించే రాత్రి చలి ఎక్కువ, మబ్బు రాత్రి తక్కువ. కాబట్టి ఆకాశం చూసి గోనెలు వెయ్యండి.

నీళ్ళు పొద్దున్నే పొయ్యాలి, అదీ మట్టి పొడిబారితేనే. లోపల తేమ ఎక్కువ. సాయంత్రం పోస్తే నారుకుళ్ళు వస్తుంది. మొక్క మొదలు మట్టి దగ్గర మెత్తబడి పడిపోతుంది. విత్తనం ఒత్తుగా వేసినా వస్తుంది. వేలెడు దూరం వరసల్లో పలుచగా వెయ్యండి. తెగులు వస్తే పడిన మొక్కల్ని తీసేసి, నీళ్ళు తగ్గించి, గాలి ఎక్కువ తగలనివ్వాలి. మందు కావాలంటే వ్యవసాయ శాఖ వాళ్ళని అడిగి పెద్దవాళ్ళే కలపాలి. మనం ముట్టుకోకూడదు.

నాటడానికి వారం ముందు నుంచి నీళ్ళు తగ్గించి, కప్పు కొంచెం కొంచెంగా తీసెయ్యాలి. చివరి రెండు రాత్రులు పూర్తిగా తియ్యాలి. ఇంట్లోంచి హాస్టలుకి కొత్తగా వచ్చిన పిల్లకి అలవాటు పడ్డానికి రోజులు పట్టినట్టే, నారుకి కూడా పడుతుంది.

వానాకాలంలో రెండు పక్కలా ఎత్తి కడితే అదే గొడుగు. ఉత్తరం అంచు కూడా మట్టిలోంచి తీసుకోవాలి.

నారు ఏమైంది?

మామూలుగా టమాటా నారు 25, 30 రోజులకి నాటొచ్చు. మనది చలికాలం గనక 40 రోజులు దాటేయి. సంక్రాంతి సెలవులకి 180 మొక్కల్ని తడి గోనెలో చుట్టి, అడ్డాకులు కప్పి బస్సులో తీసుకెళ్ళేను. అమ్మా నేనూ సాయంత్రం పూట నాటేం. గెడ్డ నీళ్ళు మోసేం. కొన్ని పోయేయి. 150 దాకా నిలబడ్డాయి. మొన్న ఆదివారం ఫోనులో అమ్మ, "పూత వచ్చిందే" అంది. ఇంకేమీ చెప్పలేదు, కోళ్ళు పొలంలోకి వచ్చేయని పెట్టేసింది. మిగిలిన నారు మన హాస్టలు పెరట్లోనే నాటేం. వంటగది వెనక మీరు చూస్తున్న మొక్కలు అవే.

వార్డెన్ మేడంగారికి మనవి

మేడం, వేసవి సెలవుల తర్వాత ఆ కప్పు మళ్ళీ వెయ్యొద్దని మీరన్నారు. పాములు చేరతాయని మీ భయం. అది మా మంచికే అని మాకు తెలుసు. అందుకే ఇలా చేస్తాం: చుట్టూ ఒక మీటరు మేర గడ్డి లేకుండా చెక్కుతాం. పక్కన గడ్డి గానీ రాళ్ళు గానీ పోగు పెట్టం. పొద్దున్న షీటు ఎత్తేముందు కర్రతో తట్టి, దూరంగా నిలబడి చూస్తాం. చీకట్లో ఎవరం వెళ్ళం. చిరిగిన ప్లాస్టిక్ కాల్చం, మూట కట్టి పాత సామాన్లవాడికి ఇస్తాం.

వచ్చే ఏడాది నేను 10వ తరగతి. పరీక్షలుంటాయి. మళ్ళీ నేనొక్కదాన్నే చూసుకుంటే మళ్ళీ మరిచిపోతాను. అందుకని అక్కచెల్లెళ్ళకి నా మనవి ఏమంటే, వంతులు వేసుకుందాం. రోజుకి ఇద్దరు. ఒకరు మరిచిపోతే ఇంకొకరికి గుర్తుంటుంది. ఆదివారం కూడా వంతు ఉండాలి, ఎండకి సెలవు లేదు. ఇష్టమైనవాళ్ళు ఈ కాగితం కింద ఖాళీలో పేరు రాయండి. మేడం ఒప్పుకుంటే జూన్‌లో మిరప, వంగ నారు పోద్దాం. మీలో ఎవరింట్లోనైనా నారు పోతుంటే, వెళ్ళేటప్పుడు తలా కొంచెం పట్టుకెళ్ళొచ్చు.

రాతలో తప్పులుంటే మన్నించి దిద్దగలరు.

ఇట్లు
మీ 9వ తరగతి విద్యార్థిని